కడిగిన సీసాలు

మూడోసారి కూడా మందు పనిచేయలేదని సముద్రం ఒడ్డునున్న చమురుబావి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ రోజునుంచీ బొల్లారం షెడ్డులో ఎవరూ ఎవరి మొహంలోకీ సూటిగా చూడటం లేదు.

బావిలోంచి ముడిచమురు ఒక్కటే రాదు. ఉప్పునీళ్లు కూడా వస్తాయి. రెండూ చిలికినట్టు కలిసిపోయి విడిపోమని మొండికేస్తాయి. వాటిని విడగొట్టే మందొకటి తయారుచేయాలని షెడ్డు యజమాని రామభద్రరావు రెండేళ్లుగా కూర్చున్నాడు. ఇక్కడ సీసాల్లో నాలుగు చుక్కలు వేస్తే గంటలో నీళ్లు అడుక్కీ, నూనె పైకీ తేరేవి. బావి దగ్గరి పెద్ద తొట్టిలో పోస్తే చలనం లేదు. ఇక్కడ పనిచేసింది అక్కడెందుకు పనిచేయదు? దారిలో ఎవరో మార్చేసి ఉండాలి. మందు డబ్బాలు తీసుకుపోయింది తిరుమల్.

తిరుమల్ భార్య సుకన్య ఆ షెడ్డులోనే సీసాలు కడుగుతుంది. పదో తరగతితో చదువాగిపోయిన పిల్ల. పది నెలల పాపని అత్త శారదమ్మకు అప్పజెప్పి వస్తుంది. తనని బావి దగ్గరే ఆపేశారనీ, సోమవారం పోలీసులకు ఫిర్యాదిస్తారటనీ తిరుమలే ఫోన్లో చెప్పాడు. "నేనేం జెయ్యలే సుకన్యా" అన్నాడు. అనేముందు కాసేపు ఆగాడు.

ఆ ఆగడమే ఆమెను పట్టుకుంది. పోయిన నెలలో వేరే కంపెనీ మనిషెవరో తనకు బిర్యానీ తినిపించాడని నవ్వుతూ చెప్పాడు కదా, ఎందుకు నవ్వినట్టు? శారదమ్మ పాపకు స్నానం చేయిస్తుండగా అతని పెట్టె తీసి అడుగుదాకా వెతికింది. పాత బట్టలు, బస్సు టికెట్లు తప్ప ఏమీ లేవు. ఊరట కలగలేదు. ఇంకెక్కడో దాచాడేమో అనిపించింది.

శనివారం పొద్దున బావి దగ్గరి నూనె, పరీక్ష కోసం, బస్సు పార్సిల్లో వచ్చింది. అక్కడివాళ్లు కొత్త సీసాల్లో నింపి పంపారు. రామభద్రరావు అప్పటికప్పుడు మందు కలిపి, ఆ సీసాల్లో రెండింట్లో నేరుగా తన చేత్తో చుక్కలు వేశాడు. మధ్యాహ్నానికి కూడా నూనె బురదలాగే ఉంది. నూనె కూడా మార్చి పంపించాడు వెధవ అని తిట్టుకుంటూ లోపలికి పోయాడు.

బల్ల తుడుస్తున్న సుకన్య చేయి ఆగింది. ఈ మందు తిరుమల్ ముట్టలేదు. మరి తేడా ఎక్కడుంది? నూనెలో కాకపోతే సీసాలోనే ఉండాలి.

సీసాలు ఘాటైన ద్రావకంతో కడగాలని మొదట్లోనే చెప్పారు. ఆ వాసన చేతులకు పట్టేసి, పాప పాలు తాగకుండా మొహం తిప్పుకునేది. అందుకని ఎవరికీ చెప్పకుండా మోండా మార్కెట్లో కొన్న సబ్బుపొడితో కడగడం మొదలుపెట్టింది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ఒక్కసారే జాడించేది, సబ్బు పూర్తిగా వదిలేది కాదు. అలా ఆర్నెల్లయింది. మందు పనిచేస్తోందని షెడ్డులో మిఠాయిలు పంచిందీ ఆర్నెల్ల కిందటే.

ఆమె కడిగి ఆరబెట్టిన సీసా ఒకటి, ఇంకా వాడని కొత్త సీసా ఒకటి తీసుకుంది. వాటితో లోపలికి వెళ్లింది.

"సార్, గా సీసాలు సబ్బుపొడితోని కడిగిన. ఆర్నెల్ల సంది. తిరుమల్ ఏం మార్చలే."

రామభద్రరావు కళ్లజోడు మీంచి చూశాడు. "మొగుడు దొరికిపోయేసరికి కొత్త కథ అల్లుకొచ్చావా అమ్మాయ్?"

"నమ్మకుండ్రి. గిది నేను కడిగింది, గిది కొత్తది. బస్సుల వచ్చిన నూనె రెండిట్ల పొయ్యుండ్రి. మందు సుత మీ చేత్తోనే ఎయ్యుండ్రి. నేను దూరం నిలబడత."

ఆయన రెండు సీసాలనూ వెలుతురుకు పట్టి చూసి మరీ నూనె పోసి, మందు వేశాడు. ఆమెను గుమ్మం దాటి రావద్దన్నాడు. పాపకు పాలిచ్చే వేళ దాటిపోయి, రొమ్ములు బరువెక్కి సలుపుతున్నా సుకన్య అక్కడే నిలబడింది. గంట గడిచేసరికి కడిగిన సీసాలో నీళ్లు తేటగా అడుక్కి దిగాయి. కొత్తదాంట్లో బురద బురదలాగే ఉంది.

ఆయన తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఇంకెవరికి చెప్పావు?" అన్నాడు.

"ఎవ్వలకు చెప్పలే."

"చెప్పకు. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు."

ఆ మెత్తదనం ఎందుకో ఆమెకు అర్థమైంది. తిరుమల్ దొంగైతేనే ఆ మందు మందు. కాకపోతే, నీళ్లను విడగొట్టింది సీసాకంటిన సబ్బే, రెండేళ్ల పనీ సబ్బునురగే. సుకన్య గుమ్మం దాటి వచ్చి, బల్లమీది రెండు సీసాలూ తీసుకుని గుండెకు హత్తుకుంది.

"అక్కడోళ్లకు ఫోన్ చెయ్యుండ్రి సార్. నా ముందట, స్పీకర్ల పెట్టి. నౌకరీ పోతే పోనీ."

ఆయన సీసాలవైపు చూశాడు, తలుపువైపు చూశాడు. చివరికి ఫోనందుకున్నాడు. తిరుమల్‌ని పంపించేయమనీ, లోపం మందులోనే ఉందనీ చెప్పాడు. పెట్టేయబోతుంటే సుకన్య చెయ్యి అడ్డం పెట్టింది. అవతలివాళ్లకు సరిగ్గా వినబడిందో లేదోనని, అదే మాట మళ్లీ చెప్పించింది.