నాలుగు బాంబులు, నిండు ట్యాంకు

విమానం లేచింది అనడం కన్నా, రన్‌వే అయిపోయింది కాబట్టి గత్యంతరం లేక గాల్లోకి వచ్చింది అనడం న్యాయం. తార్నాకలో తన గదిలో కంప్యూటర్ ముందు జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చున్న సుప్రజకి ఒళ్లు మండిపోయింది.

"ఎంత నింపావే?"

"మొత్తం," అంది పక్కనున్న శైలజ. "లోపలి ట్యాంకు ఫుల్లు. రెక్కల కింద ఇంకో రెండు ట్యాంకులు. నాలుగు బాంబులు."

"వంతెన కూల్చడానికి రెండు చాలు కదా."

"ఒకటి తప్పితే?"

ఇదీ వరస. క్యాంపస్‌లో యుద్ధవిమానం గేమ్ పోటీ పెట్టారు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెతో ల్యాబుకి తాళం పడేసరికి, సీనియర్ దయాకర్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఒక్కో జంటకీ ఒక సీడీ పంచాడు. ఇంట్లోనే ఆడాలి, మూడే అవకాశాలు. వంతెన కూల్చి, తిరిగొచ్చి, క్షేమంగా దిగిన రికార్డింగ్ సాయంత్రానికల్లా తెచ్చిచ్చినవాళ్లే ఫైనల్‌కి. సుప్రజది ఆఖరి సంవత్సరం. కిందటి రెండేళ్లూ మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చి, క్లాసు మగపిల్లల జాలి మాటలు విని విని ఉంది. ఈసారి కాకపోతే ఇక లేదు. నడిపేది తను, ఇంధనం, ఆయుధాలు నింపేది శైలజ అని పని పంచుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మొదటిసారి కొండల మధ్య మలుపు తిప్పగానే వేగం పడిపోయింది. ముక్కు ఎత్తితే విమానమంతా వణికింది. ఇంకొంచెం ఎత్తింది. కొండకి గుద్దుకుంది.

రెండోసారీ శైలజ అంతే నింపింది. ఈసారి సుప్రజ నెమ్మదిగా, భయం భయంగా తీసుకెళ్లింది. వెనక శత్రువిమానం తగులుకుంది. "రెక్కల కింద ట్యాంకులు వదిలెయ్, తేలికవుతాం," అని బతిమాలింది.

"ఇంక సగం ఉన్నది. ఎట్ల పారేస్తవ్?"

ఎడమ రెక్క కింది రెండు బాంబులతో వంతెన కూలింది. కుడి రెక్క కింద రెండూ అలాగే ఉన్నాయి. ఒంటి చేత్తో నిండు బిందె మోసే మనిషిలా విమానం కుడివైపుకి ఒరిగిపోయి, ఎంత లాగినా నిలబడక నదిలో పడింది.

సుప్రజ కుర్చీ వెనక్కి నెట్టింది. గది మూల శైలజ బ్యాగు ఉంది. రెండు గంటల పనికి హాస్టల్ నుంచి వచ్చిన మనిషి తెచ్చిన బ్యాగు అది. దుప్పటి, తువ్వాలు, సబ్బు, అటుకులు, పాలపొడి, బాష్పవాయువు కొడితే మొహానికి అడ్డం పెట్టుకునే గుడ్డ, అన్నీ అందులోనే.

"నీ బ్యాగులాగే నింపావు విమానాన్ని. ఇదేమన్నా బంద్‌కి సరుకులు తెచ్చుకోవడం అనుకున్నావా?"

శైలజ మొహం చిన్నబోయింది. "పోయినసారి లొల్లి అయినప్పుడు మా హాస్టల్ల మెస్సు బంద్ జేసి, నీళ్లు బంద్ జేసి, అప్పటికప్పుడు ఖాళీ చెయ్యిమన్నరు. ఒట్టి చేతులతోని బయటపడ్డ. మౌలాలిల మేనత్త ఇంటిదాక నడిచిన."

సుప్రజకి ఆ సంగతి తెలుసు. విన్నప్పుడు ఏడ్చింది కూడా. కానీ ఇప్పుడు వినే ఓపిక లేదు.

"అది వేరు, ఇది వేరు," అని మౌస్ లాక్కుంది.

సగం ట్యాంకు. రెక్కకొకటి చొప్పున రెండు బాంబులు. అంతే. విమానం సగం రన్‌వేకే లేచింది, ఎటు తిప్పితే అటు తిరిగింది. వంతెన కూలింది. శత్రువిమానం వెంబడించలేక ఎటో పోయింది. "చూశావా," అంది సుప్రజ. అన్నాళ్ల కసి ఆ ఒక్క మాటలో తీరింది.

రన్‌వే కనిపించింది. అప్పుడే తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. శత్రుదాడిలో రన్‌వే ధ్వంసమైంది, కొండల అవతలి స్థావరంలో దిగండి. మొదటి రెండుసార్లూ ఇంతదాకా రానేలేదు కాబట్టి ఈ మెలిక ఉందని ఇద్దరికీ తెలియదు. ఇంధనం ముల్లు అప్పటికే అడుగుకి వచ్చింది. అవతలి రన్‌వే దీపాలు కనిపిస్తుండగానే ఇంజను ఆగి విమానం కూలిపోయింది.

శైలజ దెప్పుతుందేమోనని సుప్రజ చూసింది. దెప్పితే తిరిగి అనొచ్చు. ఆమె దెప్పలేదు.

"నువ్వు నింపినట్టే నింపి ఉంటే..." అని సుప్రజే మొదలుపెట్టింది.

"నేను నింపితే మళ్ల నదిలనే పడుదుము." శైలజ గొంతులో కోపం లేదు. "రన్‌వే బందైతదని నీకెట్ల తోస్తది సుప్రజా? మీ ఇల్లు ఎన్నడు బంద్ గాలే గద."

సుప్రజ జాయ్‌స్టిక్ పక్కన పెట్టేసింది.

ఇంతలో సుప్రజ నాన్న కొండలరావు మెట్టుగూడ రైల్వే ఆఫీసు నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. "క్యాంపస్ వైపు ఎవర్నీ వదలడం లేదమ్మా శైలజా. రోడ్డు మూసేశారు. ఈ రాత్రికి ఇక్కడే ఉండిపో."

"కొట్లన్నీ కట్టేశారటండీ," అంది వంటింట్లోంచి సుప్రజ తల్లి అమ్మాజీ. "రేపటి బంద్‌కి సాయంత్రం తెచ్చుకుందాం అనుకున్నాను. టీకి చుక్క పాలు లేవు."

శైలజ బ్యాగు తెరిచింది. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, పాలపొడి పొట్లం పట్టుకుని, "ఆంటీ, నేను పెడతా," అంటూ వంటింట్లోకి వెళ్లింది.

దయాకర్‌కి ఇవ్వాల్సిన పెన్‌డ్రైవ్ బల్ల మీద ఖాళీగా పడి ఉంది. టీ వచ్చింది. బాగుంది. అదే సుప్రజకి మరీ కోపం తెప్పించింది. గ్లాసు ఖాళీ చేసి, మొహం అటు తిప్పుకునే ఇంకో గ్లాసు అడిగింది.