పంచుకోని పైపు

మా ఇల్లు పంచిన రోజు పెద్దమనుషులు పొద్దున కూర్చుని సాయంత్రానికి లేచారు. గదులు పంచారు. గేటు పంచారు. వాకిట్లో ఉన్న ఒక్క జామచెట్టుకు కూడా ఇటు కొమ్మలు ఇటు, అటు కొమ్మలు అటు అన్నారు. వంటసామాను దగ్గరికొచ్చేసరికి పెద్ద మూకుడు నాకు, దాన్ని పొయ్యి మీద నుంచి దించే పట్కారు మా తోడికోడలు రోజారాణికి ఇచ్చారు. మూకుడు లేని పట్కారుతో ఆమె ఏం చేసుకుంటుందో, పట్కారు లేకుండా నేను మూకుడు ఎలా దించుతానో ఒక్కరూ అడగలేదు. ఇంత తెలివిగల పెద్దలకు గోడల్లోపల పోయే నీళ్ల పైపు గుర్తుకు రాలేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

మధ్యలో ఉన్న తలుపు తీసేసి ఇటుకలతో మూసేశారు. ఇటు మా ఆయన రాఘవేందర్, నేను. అటు మా బావ రవీందర్, రోజారాణి. అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ సూరారంలో కలిసి చాయ్ తాగి, ఒకే బండి మీద కంపెనీకి పోతారు. మాట్లాడుకోనిది మేమిద్దరమే. ఎందుకంటే ఆ రోజు అందరి ముందు రోజారాణి, "మూకుడు ఆమెకెందుకు? ఆమె సకినాలు తింటే పండ్లూడుతయి" అంది. పెద్దమనుషులు పగలబడి నవ్వారు. అలాంటివి మరిచిపోయే రకాన్ని కాదు నేను.

అలాగని నోళ్లు మూసుకుని కూర్చోలేదు. ఆమె తన బకెట్‌తో మాట్లాడుతుంది, నేను గోడతో మాట్లాడతాను. "ఓ బకెట్, కొందరికి పొద్దెక్కినా తెల్లారది" అని అటు నుంచి వినిపిస్తుంది. "ఓ గోడా, కొందరి నోటికి తాళం కూడా దొరకది" అని ఇటు నుంచి నేను అంటాను. ఏడాదిగా ఇదే మా ముచ్చట.

కంపెనీలో ప్యాకింగ్ పని మానేసి సకినాలు చేసి అమ్ముతానన్నప్పుడు మా ఆయన కూడా నసిగాడు. నేను వినలేదు. చిన్నాచితకా ఆర్డర్లు చేస్తూ వచ్చాను. ఇప్పుడు మొదటిసారి పెళ్లి సారె ఆర్డర్ దొరికింది, నాగారంలో పర్వతాలు గారి బిడ్డ పెళ్లికి. ఆ పిల్లతో పాటు నా సకినాలు అత్తారింటికి పోతాయి. అక్కడ చుట్టాలంతా తింటారు, ఎవరు చేశారని అడుగుతారు. బాగుంటే నాకిక ఢోకా లేదు. చెడితే మళ్లీ కంపెనీ గేటు దగ్గర నిలబడి పని అడుక్కోవాలి.

ఆ రోజు తెల్లారకముందే లేచి, పని చెడకుండా చూడమ్మా అని పిండితో గౌరమ్మను చేసి పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టాను. ఎండెక్కేసరికి హాలు నేల నిండా తెల్లని పంచెలు, వాటి నిండా సకినాలు. నువ్వులు, వాము వాసనతో ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. ఇంకాస్త ఆరితే నూనెలో వేయొచ్చు. సాయంత్రం నాగారం వాళ్ల బండి వస్తుంది. నడుము విరిగిపోతున్నా నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

చేతులు కడుక్కుందామని వంటింట్లో నల్లా తిప్పాను. తిరగలేదు. కాస్త గట్టిగా తిప్పాను. నల్లా ఊడి నా చేతిలోకి వచ్చేసింది.

నీళ్లు సర్రున వచ్చి మొహాన కొట్టాయి. ఎదురు గోడ తడిసింది, పొయ్యి తడిసింది, ఫ్రిజ్ తడిసింది. ముందు చెప్పుల్లో కాళ్లు పెట్టి, ముందు గదిలోకి పరుగెత్తి కరెంటు మెయిన్ బంద్ చేశాను. తిరిగొచ్చి అరచేయి పైపుకు అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నాలుగు వైపులా చిమ్మింది. పొద్దున్నే ట్యాంకు నిండా నింపుకున్నాం, అందుకే అంత జోరు. పైగా ఇల్లు కట్టిన మేస్త్రీ మహానుభావుడు వంటింటి నేల వాటం మోరీ వైపు కాకుండా హాలు వైపు పెట్టాడు. నీళ్లకు దారి తెలుసు. గడప దగ్గర బొంతలు మడిచి అడ్డం వేశాను. వాటి మీద గోనెసంచి వేశాను.

ఫోన్ తీసి గఫూర్‌ని పిలిచాను. మా గల్లీలో అందరి నల్లాలూ బాగుచేసేది ఆయనే.

"శామీర్‌పేటల ఉన్న వినోదక్కా, పెద్ద పని మీద. వచ్చేటాల్లకు మస్తు టైమ్ పడుతది. నువ్వు పరేషాన్ గాకు. జల్దీ వాల్వు బంద్ జెయ్" అన్నాడు.

"గా వాల్వు యాడుందన్నా?"

"రోజక్క దిక్కు, బాత్రూంల. మీ రెండిండ్లకు గదొక్కటే."

"గది గాక ఇంకోటి చెప్పన్నా" అన్నాను. ఆయనకు మా సంగతి తెలుసు.

"అయితే ఏదన్న కట్టె సూడక్కా. గుడ్డ సుట్టి పైపుల దూర్చు. గట్టిగ పట్టుకో" అని ఫోన్ పెట్టేశాడు.

చపాతీ కర్ర పిడి కొస సన్నగా ఉంటుంది కదా. దానికి పాత జాకెట్టు గుడ్డ చుట్టి, ఆపైన సైకిల్ ట్యూబు ముక్క బిగించి, పైపులో దూర్చి రోలు బండతో రెండు దెబ్బలు వేశాను. నీళ్లు తగ్గాయి. నా అంతటిదాన్ని నేనే అనుకుని చెయ్యి తీశాను. కర్ర ఎగిరొచ్చి భుజానికి తగిలింది. మళ్లీ దూర్చాను, ఈసారి నడుముతో ఆనించి నెట్టి నిలబడ్డాను. అలా నిలబడితే నీళ్లు పక్కల నుంచి కారతాయే తప్ప చిమ్మవు. కానీ కదలడానికి లేదు.

బొంతలు నానిపోయాయి. వాటి కింద నుంచి సన్నటి పాయ ఒకటి హాల్లోకి పోతోంది. ఉన్నచోటి నుంచే చూస్తున్నాను, అది నిదానంగా మొదటి పంచె వైపు నడుస్తోంది. పంచెలు ఎత్తి మంచం మీద పెట్టాలంటే కర్ర వదలాలి, వదిలితే హాలంతా చెరువే. పోనీ వదిలి పరుగెత్తినా ఒక్కదాన్ని ఏం చేస్తాను? పచ్చి సకినాలున్న పంచెను ఇద్దరు మనుషులు అటు కొస ఇటు కొస పట్టి బిగించి లేపాలి. ఒక్కరు లేపితే మధ్యలో జారి అంతా పిండి ముద్దే.

గోడ వైపు తిరిగాను. "ఓ గోడా, ఎవలి బాత్రూంలనో వాల్వు ఉన్నదట. జర బంద్ జేస్తే వాళ్లకు పుణ్యముంటది" అన్నాను.

అటు నుంచి బకెట్ చప్పుడైంది. "ఓ బకెట్, ఎవలో ఎవలనో పిలుస్తున్నరు. పిలిచేదానికి పేరు లేదా ఏంది?"

వేరే రోజైతే దీనికి నా దగ్గర జవాబుండేది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే హాల్లో మొదటి పంచె అంచు నల్లబడింది. కొసన ఉన్న సకినం ఒకటి నీళ్లు తగిలి, చుట్టు విడిపోయి, చూస్తుండగానే పిండయి కారిపోయింది. వేళ్లు కొంకర్లు పోయేలా చుట్టిన సకినం. దాని పక్కది కూడా మెత్తబడుతోంది. నా రోషం అక్కడితో సరి.

"రోజక్కా! నిన్నేనే పిలుస్తున్న! నా సకినాలు మునుగుతున్నయే అక్కా, జల్దీ వాల్వు బంద్ జెయ్యి!"

అటు బకెట్ దబ్బున కింద పడింది. ఆ తర్వాత చెప్పులు టపటపలాడాయి.

"తిరుగుతలేదే! తుప్పు వట్టింది!" గోడ అవతల నుంచి అరుపు.

"గుడ్డ సుట్టి తిప్పు!"

"సుట్టిన! చెయ్యి కోసుకపోతాంది గని ఇంచు కూడ కదులుత లేదు!"

"పట్కారు! నీ వాటాకు వచ్చిన పట్కారు ఉంది గదా, దానితోని పట్టి తిప్పు!"

"గా ముక్క ముందుగల్లనే చెప్పరాదా!"

ఇనుము కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. రోజక్క ఎవరినో తిట్టింది, నన్నో వాల్వునో పెద్దమనుషులనో తెలియదు. నా నడుము కింద కర్రలో ఒత్తిడి తగ్గింది. నీళ్లు సన్నబడి, చుక్కలై, ఆగిపోయాయి. అయినా వదలడానికి ధైర్యం చాలక అలాగే నిలబడ్డాను.

గేటు తెరిచి, వీధిలోంచి తిరిగి ఆమె నా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పట్కారు ఇంకా ఉంది, అరచేతిలో నెత్తురు. హాలు చూసింది, నన్ను చూసింది.

"నిలవడి సూస్తవేంది? గా కొస పట్టు" అంది కొంగు బిగించి.

ఇద్దరం చెరో కొస పట్టాం. "బిగ్గ గుంజు. సాగనియ్యకు. అడుగు మెల్లగ వెయ్" అని ఆమె చెబుతూ ఉంటే, ఏడాదిగా ఆమె మాట వినను అనుకున్నదాన్ని బుద్ధిగా విన్నాను. ఒక్కొక్క పంచె మంచం మీదికి, బల్ల మీదికి, సోఫా మీదికి చేరింది. మొదటి పంచెలో సగం పోయాయి. ఆ ముద్దను చూసేసరికి నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఏడుసుడు తర్వాత. పిండి మిగిలిందా?"

"ఉంది."

"అయితే నేను సుడుత, నువ్వు కాల్చు. బండి వచ్చేటాల్లకు అయిపోవాలె."

పొయ్యి తుడిచి వెలిగించాను. మూకుడు పెట్టాను. అరచేతికి గుడ్డ కట్టుకుని రోజక్క పీట వేసుకుని కూర్చుంది. ఆమె ఇంట్లోనూ ఒక్క చుక్క నీళ్లు రావడం లేదు, ఆ మాటే ఎత్తలేదు. మొదటి వాయి తీసి, ఒక సకినం ఆమె ముందు పెట్టి ఎదురుగా నిలబడ్డాను. విరిచింది. నోట్లో వేసుకుంది. కావాలనే చాలాసేపు నమిలింది.

"పండ్లూడినయా?" అన్నాను.

"ఇంకా ఊడలేదు. ఇంకోటి తిని సూస్త" అంది.

నాగారం బండి వచ్చేసరికి ఆఖరి వాయి దించుతున్నాం, ఇద్దరం, పట్కారుతోనే. పర్వతాలు గారి భార్య స్వయంగా వచ్చింది. ఒకటి కొరికి చూసి, అక్కడే నిలబడి తన చెల్లెలికి ఫోన్ చేసి నా నంబర్ చెప్పింది. బండిలోకి ఎక్కే డబ్బాలను ఒక్కొక్కటీ నేనే లెక్కపెట్టుకున్నాను.

అవి అటు పోగానే ఇటు గఫూర్ దిగాడు. పైపులోంచి చపాతీ కర్ర లాగి చూసి నవ్వి, కొత్త నల్లా బిగించి, అటు పోయి వాల్వు తిప్పి నీళ్లు వదిలి వచ్చాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ, "ఇగ ఈ బాధ లేకుంట లైన్లు వేరు జేస్త వినోదక్కా. ఎవల వాల్వు వాళ్ల దిక్కు. ఒకలనొకలు అడిగే పనే ఉండది" అన్నాడు.

మూకుడు తోముతున్న రోజక్క చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

"లైను వేరు జెయ్యకన్నా. గా తుప్పుది తీసి కొత్త వాల్వు పెట్టు. గసొంటిదే ఇంకోటి నా దిక్కు గూడ పెట్టు, రెండిండ్లకు బంద్ అయ్యేటట్టు. రేపు ఆమె నల్లా ఊడితే ఎవలు బంద్ జేస్తరు?" అన్నాను నేను.

"అట్ల పెడితే ఎవలు తిప్పినా ఇద్దరికీ నీళ్లు బంద్. రోజూ లొల్లే అక్కా" అన్నాడు గఫూర్.

"లొల్లి అయితే కానీ. గోడతోని మాట్లాడుడు ఇగ నాతోని కాదు" అన్నాను.

రోజక్క మూకుడు బోర్లించి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"పెట్టు గఫూర్. నా బకెట్‌కు గూడ చెవుడొచ్చింది" అంది.