లిక్కర్ సెక్షన్

మా మిల్లులో వెదురు ముక్కల్ని సోడా నీళ్లలో ఉడికిస్తారు. గుజ్జు కాగితానికి పోతుంది, మిగిలిన నల్లనీళ్లు మా దగ్గరికి వస్తాయి. వాటిని చిక్కగా కాచి, బాయిలర్‌లో మండించి, అందులోని సోడాను తీసి మళ్లీ వెదురుకే పంపుతాం. ఆ నల్లనీళ్లను ఇంజనీర్లు బ్లాక్ లిక్కర్ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడోగానీ వాడి నోట మన్ను పడ!

తొంభై రెండులో నా నౌకరీ పర్మనెంటైంది. కారేపల్లి దగ్గరి తండాలో ఉండే హేమ్లికి ఆ పూటే ఉత్తరం రాశాను: 'లిక్కర్ సెక్షన్‌ల పర్మనెంట్ అయిన. ఇగ మీ యాడిని అడుగు.' మా లంబాడీల్లో యాడి అంటే అమ్మ. రెండేళ్లుగా ఒకరినొకరం అనుకున్నాం, వాళ్లమ్మ ఒప్పుకోవడమే మిగిలింది.

జవాబు రాలేదు. నెల తర్వాత మా అన్న రూప్‌సింగ్ వచ్చాడు.

"హేమ్లిని ఇల్లందు బొగ్గుబాయి పనోనికి ఇస్తున్నరట. నీకియ్యనన్నదట వాళ్ల యాడి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇయ్యకపోతే పాయె! పోయి కాళ్లు మొక్కాల్నా?" అన్నాను. బస్సెక్కితే అయిపోయేది. ఎక్కలేదు. పెళ్లిరోజు డబుల్ డ్యూటీ చేశాను, పలకరించినవాళ్లనల్లా కరిచాను.

కోపం పోయింది, బెంగ పోలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టాను. కారేపల్లి బోర్డున్న బస్సు కనిపిస్తే చాలు, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి.

ఏడేళ్లకు, మొన్న ఇల్లందు బస్టాండులో హేమ్లి ఎదురైంది.

"ఇంకా గా సారా పనేనా, తుల్సీరాం?" అంది.

"సారా ఏంది?"

"నువ్వే రాస్తివి గదా, లిక్కరని. లిక్కరంటే సారా అని పంతులు చెప్పిండు. మా బాపును సారానే మింగె. తండల సారా బండిని తరిమినోళ్లల్ల మా యాడే ముందు. సారా కాసేటోనికి పిల్లనిస్తదా?"

నెత్తి కొట్టుకున్నాను. వెదురూ సోడా కథంతా చెప్పి, "గా నీళ్లు తాగితే పేగులు కాలుతయే!" అన్నాను. పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేను నమ్మలే. తుల్సీరాం వస్తడు, సంగతేందో నోటితోని చెప్తడు, జర ఆగుమని యాడితోని కొట్లాడిన," అంది. "పెండ్లి పొద్దు దాక యాడి ఆగింది. నువ్వే రాకపోతివి."