ముప్పై ఐదో లైను

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ కథలో కంప్యూటర్ ఎక్కడా కనబడదు. టైపింగు నేర్పే పురుషోత్తమ మేష్ట్రు కూడా దాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా 1986లో, చింతామణి నుంచి బాగేపల్లి దాకా కంప్యూటర్ నేర్చుకునే పిల్లల పాఠాల్లో తప్పులు దిద్దింది ఆయనే.

ఆ పొద్దున కూడా నేలమీద ఒక స్టీలు గ్లాసు, పక్కన చేటలో ఎండిన అనపగింజలు పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసుకు ‘ఎన్’ అని రాసిన చీటీ అంటించి ఉంది; పాఠంలో ఆ అక్షరం ఏ అంకెకు గుర్తో, గ్లాసులో అన్ని గింజలు. ఎదురుగా ఖాళీ పీట.

పద్ధతి ఆయన కనిపెట్టిందే. బెంగళూరులో ఎవరో రాసి పంపే పాఠాన్ని కాపీలు తీసే మైనపు స్టెన్సిల్ మీద టైపు కొట్టే ముందు, ప్రోగ్రాంలో ఒక్కో లైనూ తెలుగు చేసి పైకి చెప్పేవాడు. ఎదురు పీట మీద కూర్చున్న భార్య అలమేలుమంగ ఆ ప్రకారం గింజలు వేసేది, తీసేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కంప్యూటరంటే ఏమిటో తెలుసుకుందామన్న సరదా కూడా లేదు. చెప్పింది చేసేది, చెప్పనిది చేసేది కాదు. పని కాగానే తలెత్తి “ఇంగ?” అనేది. పాఠంలో తప్పుంటే గింజ ఆమె వేళ్ళ మధ్యే ఆగిపోయేది. “యాడ వెయ్యాలో మీరు చెప్పలేదే” అనేది, అంతే.

ఆమె పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత రెండు పాఠాలు తప్పులతోనే అచ్చయిపోయాయి. తప్పున్న చోట ఆయన కళ్ళు వాటంతటవే సరిచేసుకుని చదివేస్తున్నాయి.

ఈ పాఠాలు అచ్చువేసి పిల్లలకు పంపే ఇన్‌స్టిట్యూట్ నడిపే గంగాధరప్ప తెల్లారగానే వచ్చి, వాకిట్లో నిలబడే చెప్పి వెళ్ళాడు.

“మేష్ట్రూ, బాగేపల్లి పిల్లోడొకడు వాళ్ళ బావ ఆఫీసు మిషన్లో ఏసి చూసినాడంట. పోయిన పాఠం నడవనే లేదంట. నా మొకం యాడ పెట్టుకోవాల?”

“ఈ తూరి బాగా చూస్తానప్పా.”

“సాయంత్రం బస్సుకు స్టెన్సిల్ తీసుకుపోతా. ఇదీ అట్లే అయితే, ఈ పని బెంగళూరులోనే చేయించుకుంటా. కోపం చేసుకోవద్దండి.”

కోపమేమీ రాలేదు. టైపింగు నేర్చుకునేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు, తిండికి లోటు లేదు. కానీ ఈ గింజల పని పోతే ఆ పీటకు ఎదురుగా కూర్చోవడానికి ఇక సాకు ఉండదు.

పక్కింటి చౌడమ్మను పిలిచి పీట మీద కూర్చోబెట్టాడు. పట్టుదారం తీసే చేతులు కదా, చురుకు. పాఠం పేరు ‘ఒకటి నుంచి పది’ అని చదివి, మొదలుపెట్టాడు.

“ఒక గింజ వెయ్యి. ఎన్నుండాయో చెప్పు.”

“ఒగటి.”

“మళ్ళా ఒకటి.”

మూడోసారికి ఆమెకు విసుగొచ్చింది. టకటకా గింజలు వేసేసి చేతులు దులుపుకుంది. “పది అయిపాయ. ఇంతదానికి ఇద్దరెందుకు మేష్ట్రూ? అమ్మ ఎట్ల ఓర్చుకుంటాండెనో ఏమో.”

పది వచ్చింది కాబట్టి పాఠం సరిగానే ఉన్నట్టు. స్టెన్సిల్ కొట్టేశాడు. కానీ చేయి టైపు మిషను రోలరు మీద నుంచి రాలేదు. లేచి, మొదటిసారి, ఆ పీట మీద తనే కూర్చున్నాడు. ఏమీ తెలియని మనిషిలా.

పదో లైను ప్రకారం గ్లాసు ఖాళీ చేశాడు. ఇరవయ్యో లైను: ఒక గింజ వేయి. వేశాడు. “ఇంగ?” అన్నాడు.

ముప్పై: ఎన్నో చెప్పు. చెప్పాడు.

నలభై: మళ్ళీ ఇరవైకి పో. పోయి ఇంకో గింజ వేశాడు.

“ఇంగ?”

ఈసారి అన్నది ఆయన కాదు.

ఆయన తల ఎత్తలేదు. గింజ వెనక గింజ వేస్తూ పోయాడు. పది దాటింది. గ్లాసు నిండింది, గింజలు అంచు మీద నుంచి జారి నేలమీద దొర్లాయి. ఆగమని ఈ పాఠంలో ఎక్కడా రాయలేదు. తప్పు అదే. దొరికింది. దొరికాక కూడా ఆయన ఆపలేదు. కింద పడినవి ఏరి మళ్ళీ వేశాడు. ప్రతిసారీ ఆ గొంతు ఓపిగ్గా అడుగుతూనే ఉంది. ఎవరూ ఆగమనకపోతే అది అలా అడుగుతూనే ఉంటుంది. అన్నం చల్లారిపోయింది, ఎండ గోడెక్కింది.

“అయిందా మేష్ట్రూ?” వీధిలోంచి గంగాధరప్ప కేకేశాడు.

లైన్లకు పదేసి అంకెలు వదిలి నంబర్లు వేసేది అందుకే, మరిచిపోయినదాన్ని తర్వాత మధ్యలో దూర్చడానికి. మేష్ట్రు నలభయ్యో లైను మీద ఎర్రటి కరెక్షన్ ద్రవం పూసి, ఆరేదాకా ఊదాడు. ఆ చోట ముప్పై ఐదు కొట్టాడు: ఎన్ పది అయితే ఆగు. దాని కింద నలభై.

గ్లాసు బోర్లించి, ఒక్క గింజ మిగలకుండా ఖాళీ చేసి మళ్ళీ మొదటి నుంచి నడిపాడు. పదో గింజ వేసి, ముప్పై ఐదు చదివి, చేయి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

“ఈ తూరి సరిగా ఉండాదా?” గంగాధరప్ప స్టెన్సిల్‌ను వెలుతురుకు పట్టి చూశాడు.

“ఉండాదప్పా. పదికి నిలుస్తాది.”

ఆయన్ని సాగనంపి లోపలికి వచ్చి, గింజలు ఎత్తిపెట్టడానికి కూర్చున్నాడు. గ్లాసులోంచి ఒక్కొక్కటే తీసి లెక్కపెడుతూ చేటలో వేశాడు. పది.

ఎవరూ వేయమనని గింజ ఒకటి గ్లాసు అడుగున ఉంది.