గుండు పెద్దమ్మ ఏం తింటోంది?

గుండు పెద్దమ్మ అనగానే కొత్తవాళ్లు ముందుగా ఆమె తలవంక చూస్తారు. తలనిండా జుట్టే. నెరిసింది గాని ఒత్తు తగ్గలేదు. ఆ గుండు తలమీదిది కాదు, చేతిలోది. మూడు కిలోల ఇనుప గుండు. అరవయ్యారేళ్ల వయసులో దాన్ని మెడకు ఆనించుకుని, ఒక్క ఊపున ఏడు మీటర్లు దాటించి, "ఏదీ, టేపు పట్టండి" అంటుంది.

ఐసు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు దిమ్మెలు మోసిన భుజం అది. పని మానేశాక మోకాళ్లు పట్టేస్తున్నాయని, నాలుగడుగులు నడుద్దామని మైదానానికి వెళ్లింది. ఎవరో విసిరిన గుండు దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది.

"ఇటు తొయ్యండి పెద్దమ్మా" అన్నాడు కోచ్.

ఆవిడ తొయ్యలేదు, ఎత్తి విసిరింది. అది కోచ్ నెత్తిమీదుగా పోయి వెనక పడింది. ఎప్పుడూ ఈల ఊదుతూ తిరుగుతాడని ఆయన్ని అందరూ ఈల మాస్టారంటారు. ఆ పూట మాత్రం ఆయన నోట్లోంచి ఈల కాదు కదా, గాలి కూడా రాలేదు.

అక్కణ్ణించి పెద్ద వయసువాళ్లకి పెట్టే వెటరన్స్ పోటీలు, మెడలో పతకాలు. ఆ పతకాలన్నీ కొడుకు మెడికల్ షాపులో అద్దాల బీరువాలో ఉంటాయి. దగ్గు మందు కోసం వచ్చినవాడైనా సరే ఆ కథ వినకుండా గుమ్మం దాటలేడు. "మా అమ్మండీ" అని మొదలుపెడతాడు కొడుకు. వినేవాడి దగ్గు తగ్గుతుంది గాని కథ తగ్గదు.

ఈసారి దేశం జట్టుకే ఎంపిక. మూడు నెలల గడువు. ఏడు మీటర్ల గీత దాటినవాళ్లకే జట్టులో చోటు. ఆ కబురు వచ్చిన రోజునుంచి కొడుకు కాలు నేలమీద నిలవలేదు. షాపులోంచి ఇంటికి సంచులు మోయడం మొదలుపెట్టాడు. రక్తానికి ఇనుము మాత్ర, ఎముకకు కాల్షియం మాత్ర, కీళ్లకు నూనె నింపిన గొట్టం మాత్ర, నరాలకు ఒకటి, చర్మానికి ఒకటి. వీటన్నిటికీ పెద్దన్నలాగా, కండలు తిరిగిన చెయ్యి బొమ్మ వేసిన బలం పొడి నల్ల డబ్బా. అలాంటిదే ఇంకోటి షాపులో ఆమె ఫొటో పక్కన నిలబెట్టాడు. పొద్దున్నే తల్లి ఒక చేతిలో గుప్పెడు మాత్రలు, రెండో చేతిలో గ్లాసుడు పాలు పెట్టేవాడు. అవి దిగగానే టీ.

"ఇవన్నీ మింగాక తిండి ఎక్కడ పెట్టనురా?"

"తిండిదేముందమ్మా, సారమంతా ఇందులోనే ఉంటే!"

సారం సంగతేమో గాని, గుండు మాత్రం రోజురోజుకీ దగ్గర పడుతోంది. ఏడు మీటర్ల గుండు ఆరున్నరకి దిగింది, ఆరున్నర ఆరుకి దిగింది. ఈల మాస్టారు టేపు చూసి తల గోక్కునేవాడు. గుండు తగ్గినప్పుడల్లా కొడుకు ఇంకో మాత్ర పెంచేవాడు. నల్ల డబ్బా పొడి తాగిన రోజున గుండె దడదడలాడేది. పక్కమీద వాలితే కన్ను మూతపడేది కాదు.

అయినా ఆవిడ నోరు మెదపలేదు. ఆ కొడుకు చిన్నప్పుడు ఈగ వాలితే పడిపోయేటంత బక్కపీచు. ఐసు దిమ్మెలు మోసి మోసి వాడికి మందుల చదువు చెప్పించింది. వాడిచ్చిన మందు పనిచెయ్యలేదంటే వాడి చదువు పనికిరాదన్నట్టే కదా! ఆ మాట తల్లి నోట రావాలా? మింగేది. మాత్రతోపాటు మాటనీ మింగేది.

గుట్టు కోడలి దగ్గర రట్టయింది. కోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఒకరోజు మైదానం దగ్గర అత్తగారు ఆ బస్సే ఎక్కబోయి, కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందడంలేదు.

"అత్తయ్యా, అంత ఇనుము విసిరేవాళ్లు నా బస్సు మెట్టెక్కడానికి రొప్పుతారా?"

"మెట్టు ఎత్తు పెరిగిందే."

"బస్సుకి కూడా మీ అబ్బాయి టానిక్కు పోస్తున్నాడా ఏంటి, పెరగడానికి!"

బస్సంతా నవ్వింది. కోడలు నవ్వలేదు. అద్దంలోంచి అత్తగారి పాలిపోయిన పెదాలు చూస్తూనే బండి నడిపింది. మర్నాడు సెలవు పెట్టి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కూరగాయల సంచిలో వేసుకుని, అత్తగారిని క్రీడాకారులను చూసే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. సంచి బోర్లిస్తే బల్ల నిండిపోయింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. రక్తం తీయించింది. ఫలితాలొచ్చాక మళ్లీ పిలిచి కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, ఇవన్నీ ఒకేసారి మింగుతున్నారా?"

"ఒక్క గుక్కలో."

"పాలతో?"

"పాలతోనే. ఆ పైన టీ."

"అదీ సంగతి. ఇనుమూ కాల్షియమూ కలిసి వెళ్తే గుమ్మం దగ్గరే తోసుకుంటాయి. ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పాలూ టీ కూడా దానికి అడ్డమే. తిండి చూస్తే పిట్ట తిండి. మీకు రక్తం తక్కువగా ఉంది, అందుకే ఆయాసం."

"అంటే, మూడు కిలోల ఇనుము బయటికి విసురుతున్నాను గాని, చిటికెడు ఇనుము లోపలికి పోవట్లేదంటావు!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత నల్ల డబ్బా చేతిలోకి తీసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఇందులో ఏం కలిపారో దీనిమీద సరిగా రాయలేదు. మీ గుండెదడ దీనివల్లే కావచ్చు. ఇలాంటి పొడుల్లో నిషేధించిన మందులు కూడా దొరుకుతుంటాయి. పోటీల్లో పరీక్ష చేసి అలాంటిది బయటపడితే, నాకు తెలియదంటే వినరు."

"దొంగ కింద జమకడతారా?"

"ఆడనివ్వరు."

పెద్దమ్మ ముఖం జేవురించింది. "ముప్పయ్యేళ్లు దిమ్మె అంచు విరగకుండా మోశానమ్మా. ఈ వయసులో, ఓ డబ్బా మూలంగా, నాకా పేరు?"

"అందుకే ఇది ఇక్కడితో ఆపండి. ఇనుము మాత్ర మీకు కావాలి. పరగడుపున, నిమ్మరసంతో వేసుకోండి. పాలూ టీ తర్వాత, చాలా సేపాగి. మిగతావి మీ రక్తం అడిగితే అప్పుడు చూద్దాం. రక్తం ఎందుకు తగ్గిందో ఇంకో రెండు పరీక్షలు చేసి నేను చూస్తాను. మీరు మాత్రం తినండి. వయసు మీదపడేకొద్దీ కండ నిలవాలంటే మాంసకృత్తులు ఎక్కువే కావాలి. గుడ్లు, పప్పు, చేపలు, పెరుగు. విసిరే ముందు తినండి, విసిరాకా తినండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు సంగతంతా చెప్పింది. కొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మందులు చదివినవాణ్ణి నేను. నాకు చెప్పకుండా వెళ్తారా? నా చదువు దండగేనా?"

"చదువు దండగ కాదండీ, ఆత్రం దండగ" అంది కోడలు.

"నువ్వు ఊరుకోవే" అని పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, నీ షాపుకి ఎవరైనా మందుకొస్తే ముందేం అడుగుతావు?"

"ఏముంది. ఎన్నాళ్లనుంచి బాధ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా, భోజనం చేశారా..."

మాట మధ్యలో తెగిపోయింది.

"నన్నడిగావా?"

కొడుకు తల దించుకున్నాడు. "అమ్మవు కదా. నీకు తక్కువ చేస్తానేమోనని భయం."

"తక్కువ చెయ్యలేదు నాయనా, ఎక్కువే చేశావు. నేనూ నోరు విప్పాల్సింది. విప్పలేదు."

కొడుకు లేచి వెళ్లి నల్ల డబ్బా తెచ్చి చెత్తబుట్టలో పొడి వంపేశాడు. వంపుతుంటే దుమ్ము లేచి అతనికే తుమ్ములొచ్చాయి. "చూశారా, బలం!" అంది కోడలు. ముగ్గురూ నవ్వారు.

మర్నాటినుంచి స్కూటరుమీద మాత్రల సంచి బదులు గుడ్ల అట్ట వచ్చింది. ఆ గుడ్లకి గతుకుల్లో కాపలా కాస్తూ నడిపిన కొడుకు, తల్లి కంచం ముందు కూర్చుని, "ఇంకొంచెం" అంటూ కొసరి కొసరి తినిపించాడు. దడ ముందు పోయింది. నిద్ర పట్టింది. వారాలు గడిచేకొద్దీ ఆయాసం తగ్గింది. అంగుళం అంగుళం చొప్పున గుండు మళ్లీ దూరం జరిగింది గాని, ఎంపిక రోజు దగ్గర పడేసరికి ఏడు మీటర్ల గీత ఇంకా బెత్తెడు అవతలే ఉంది.

ఎంపిక రోజున వరసగా విసిరిన విసుర్లన్నీ గీతకు ఇవతలే పడ్డాయి. మిగిలింది ఆఖరిది. పెద్దమ్మ పిలుపు కోసం చూస్తూ కంచె పక్కన బల్లమీద కూర్చుని భుజం రుద్దుకుంటోంది. కంచె అవతల కొడుకు, కోడలు. అంతలో అదే మైదానంలో పరుగుపందేనికి వచ్చిన ఓ పిల్ల తండ్రి, పెద్దమ్మ కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు.

"మీరేనా మెడికల్ షాపాయన? మీ అమ్మగారి ఫొటో పక్కన పెట్టారే, ఆ నల్ల డబ్బా! మా అమ్మాయికీ ఒకటి కావాలి."

పెద్దమ్మ భుజం రుద్దుకోవడం ఆపింది. చుట్టూ నలుగురూ ఇటే చూస్తున్నారు. వాళ్లలో సగంమంది ఆ షాపుకి వెళ్లేవాళ్లే. 'అయిపోయిందండీ' అని ఒక్క మాటలో తప్పించుకోవచ్చు. కొడుకు తప్పించుకోలేదు.

"ఆ డబ్బా మా షాపులో లేదండీ, తీసేశాను" అన్నాడు, అందరికీ వినబడేలా. "మా అమ్మ గెలిచింది దానివల్ల కాదు. దాన్ని తాగించి ఆమె విసురు తగ్గించింది నేనే. అసలు మీ అమ్మాయి పొద్దున ఏం తింది?"

"ఏమీ తినలేదు. తింటే ఒళ్లు బరువెక్కుతుందని."

"ఖాళీ ట్యాంకుతో బండి ఎంత దూరం పోతుందండీ? పరుగుకి ఇంకా టైముందా? ముందు రెండు అరటిపళ్లు పెట్టించండి" అంటూ భార్య సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీ అమ్మాయిని రేపు డాక్టరమ్మకు చూపించండి. ఆవిడ రాసిస్తే మందు నేనిస్తాను. రాయకపోతే నేనివ్వను."

పెద్దమ్మకు కళ్లు చెమర్చాయి. ఇంతకాలం ఊరంతటికీ వాడు 'మా అమ్మండీ' అని చెప్పుకున్నాడు. ఇప్పుడు 'మా అబ్బాయండీ' అని ఈ మైదానమంతా దద్దరిల్లేలా అరవాలనిపించింది ఆవిడకు.

పిలుపొచ్చింది. ఆవిడ గుండు విసిరే వలయంలోకి వెళ్లింది. గుండు ఎత్తి మెడకు ఆనించింది. ఐసు దిమ్మె ఎత్తేటప్పటిలాగే మడమ నేలకు గుచ్చి, నడుం తిప్పి, గొంతులోంచి ఒక్క కేక పెట్టింది. గుండు చేతిని వదిలిపెట్టిన తీరుకే తెలిసిపోయింది, ఇది వేరే విసురని. అది గీతకు ఇవతల పడలేదు. గీతమీదా పడలేదు. అవతల, మట్టి చిమ్ముతూ దిగబడింది.

కంచె దగ్గర కొడుకు గంతులేస్తున్నాడు. తల్లి ప్రాణం అటు లాగింది. కాలు ముందుకు లేవబోయింది.

"వెనకనుంచి పెద్దమ్మా, వెనకనుంచి!" ఈల మాస్టారు గొంతు చించుకున్నాడు. వలయంలోంచి ముందువైపు అడుగేస్తే ఆ విసురు చెల్లదు.

"తెలుసులేవోయ్" అంది పెద్దమ్మ. లేచిన కాలు వెనక్కి తీసుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొడుకు వైపే చూస్తూ, తొందరేమీ లేనట్టు మహారాణిలాగా వెనకవైపునుంచి బయటికి నడిచింది. విసురు చెల్లిందని వెనకాల తెల్లజెండా లేచింది.

"ఏదీ, టేపు పట్టండి" అంది.