రోషీన్ వీపు

అన్యాయం జరిగింది ఎవరికి? బాలీడరా బంగళా లాయంలో పనిచేసే నోనీ ట్యూహీకి. ఎలా? రోషీన్ అనే ఆడగుర్రం వీపున పడిన పుండుకు ఆమెను దోషిని చేశారు. దొరసానుల గుర్రాల మీద స్వారీ చేసి, వాటిని వేటకు తయారుచేసే మనిషిని జీను మీంచి దింపి, పన్నెండేళ్ళుగా జీనులు తుడిచే పనిలో పెట్టారు.

ఆ ఉదయమూ నోనీ సబ్బుగుడ్డతో తోలు రుద్దుతోంది. యాభై ఎనిమిదేళ్ళు. వేళ్ళ కణుపులు ముడులు పడ్డాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎవరు జీను తెచ్చినా, మళ్ళీ తన మీద నింద వేయడానికి మేకు దాచారేమోనని ముందు అడుగున అరచేత్తో తడిమి చూసేది.

గుమ్మంలో హెస్టర్ నిలబడింది. దొర కూతురు. తండ్రిని సమాధి చేసి నెల కాలేదు.

"నోనీ, ఇవాళ రోషీన్‌ను నువ్వు తిప్పుకురా. నీ పాత పక్కజీను మీదే."

నోనీ చేయి ఆగింది. "ఎందుకమ్మాయిగారూ? దానికి పద్దెనిమిదేళ్ళు. మళ్ళీ పుండు పడితే చెప్పుకోడానికి ఓ పేరు కావాలా?"

హెస్టర్ ముఖం కందిపోయింది. "తిప్పుకురా" అని మాత్రం అంది.

వాకిట్లో లాయం పెద్ద కాస్టిగన్ నవ్వాడు. "నిచ్చెన తెప్పించనా ముసలమ్మా?"

"తెప్పించు. కింద నువ్వే పట్టుకో. నీకు చేతనైన పని అదొక్కటే."

జీను కింద వేసే తెల్లని నారగుడ్డను ఆమె వెలుతురులో రెండు వైపులా తిప్పి చూసింది. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీని మూడుసార్లు లాగింది. ఏ అనుమానమూ లేనిది రోషీన్ ఒక్కటే. ఆమె భుజం మీద ముక్కు ఆనించింది.

ఆడవాళ్ళ పక్కజీను మీద రెండు కాళ్ళూ ఎడమకే. కుడి మోకాలు జీను కొమ్ము మీద మడిచి, వెన్ను నిటారుగా నిలిపి, బరువంతా కుడితొడ మీద మోపాలి. కుడివైపు లేని కాలి పని చిన్న బెత్తం చేస్తుంది. ఆ బెత్తం కదలకముందే రోషీన్‌కు ఆమె మనసు తెలిసిపోయింది. ఏటి ఒడ్డు పచ్చికలో నడక పరుగైంది, పరుగు ఊయలైంది. కణుపుల నొప్పి ఎక్కడ పోయిందో! రాతిగోడ మీదుగా గుర్రం గాలిలోకి లేచినప్పుడు నోనీ పైకే నవ్వింది. వెంటనే, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూసింది.

తిరిగివచ్చి, "జీను మీరే దించండి అమ్మాయిగారూ. నేను దించితే తుడిచేశానంటారు" అంది.

హెస్టర్ జీను దించి గుడ్డ ఎత్తింది. నడుమ పొడిచార, అటూ ఇటూ ఒకే వెడల్పున చెమట మరకలు. పక్కకు వాలి, ఒకవైపు ఒరిపిడితో పుండు పడేలా కూర్చునేవాళ్ళ గుడ్డ మీద మరకలు అలా రావు. లాయంలో అందరికీ ఆ సంగతి తెలుసు. పనివాళ్ళు దగ్గరికి వచ్చి చూశారు. కాస్టిగన్ నవ్వు ఆగింది.

"నీకు నేనొక మాట బాకీ" అంది హెస్టర్. "అప్పుడు రోజూ ఎడమకు వాలి కూర్చున్నది నేను. పుండు నా వల్లే పడింది. నాన్నకు భయపడి నీ పేరు చెప్పాను."

"మళ్ళీ చెప్పండి. కాస్టిగన్‌కు కుడిచెవి వినబడదు."

హెస్టర్ అతని ఎడమవైపుకు వెళ్ళి, ఒక్క మాటా తగ్గించకుండా, అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పింది.

"తీరింది" అంది నోనీ.

నారగుడ్డను తానే గోడమేకుకు తగిలించి, టీ గ్లాసుతో రోషీన్ గది ముందున్న బల్ల మీద కూర్చుంది. కాసేపటికి కాస్టిగన్ టోపీ చేతపట్టుకుని, ఏదో చెప్పుకోవాలని వచ్చి పిలిచాడు. నోనీకి ఊపిరి ఆడటం లేదు. గ్లాసు ఒలకకుండా ఒళ్ళో నిలిచి ఉంది. రోషీన్ తలవంచి ఆమె జుట్టును వాసన చూస్తోంది.

గోడ మీద నారగుడ్డ, దాని మీద రెండు సమానమైన మరకలు, ఇంకా ఆరలేదు.