జరుగుతూ ఉండిన కాలం

నేను ఒక శుభలేఖ అట్టను. ఎవరి పెళ్లో అయిపోయాక, నర్సు లూర్దు నన్ను సగానికి కత్తిరించి, ఖాళీగా ఉన్న వెనకవైపు ఇటాలియన్ భాషలోని ఒక భూతకాలాన్ని రాసింది. పైన ‘పర్లారె, మాట్లాడు’ అని ఒకే ఒక్క క్రియ. కింద దాని తోకలు: ఆవో, ఆవి, ఆవ, అవామో, అవాతే, ఆవనో.

“ఇది జరిగిపోయిన పని కాదమ్మా, రోజూ జరుగుతూ ఉండిన పని. చేసింది కాదు, చేసేది,” అని చెప్పారు ఇన్నయ్య ఫాదర్. ఇటలీలో తొమ్మిదేళ్లుండి వచ్చి, అక్కడి ఉద్యోగాలకు వెళ్లే నర్సులకు ఆయన పాఠాలు చెబుతున్నారు.

లూర్దు నన్ను ఎక్కాల్లాగా బట్టీ పట్టింది. వాళ్లింట్లో పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. ఏ చదువైనా అలాగే దాటింది.

“ఏందే, బట్టలు పిండతా కూడా అవాతే అంటన్నావ్?” అని నవ్వేది ఆమె గదిలోనే ఉండే తెరేజ.

“నవ్వమాకే. ఈ పరీక్ష పోతే ఉద్యోగం పోయినట్టే.”

మనుషులు చిత్రమైనవాళ్లు. తోకలన్నీ గట్టిగా పట్టుకుని, ఆవును కట్టేయడం మరచిపోతారు.

పరీక్ష రోజున కంప్యూటర్ తెర మీద కళ్లద్దాల ఆవిడ ఇటాలియన్‌లో నెమ్మదిగా అడిగింది: “మీ చిన్నప్పుడు మీ అమ్మగారు రోజూ ఏం చేసేవారు?”

లూర్దుకు ప్రతి మాటా అర్థమైంది. అమ్మ పోయి పదకొండు నెలలు. మిర్చి కొట్లో పొద్దంతా తొడిమలు తీసేది. సాయంత్రం మజ్జిగతో చేతులు కడుక్కున్నాకే పిల్లను తాకేది. ఘాటుకు గొంతు మండి, రెండు ముక్కలు కూడా మాట్లాడేది కాదు.

బల్ల కింద ఆమె బొటనవేలు నన్ను నొక్కుతోంది. నా దగ్గర తొడిమ లేదు, మిరపకాయ లేదు, మజ్జిగ లేదు. చెమటకు నా సిరా అలుక్కుపోతోంది.

“మమ్మా... పర్లావ,” అంది లూర్దు. అమ్మ మాట్లాడేది.

“బ్రావా! ఎవరితో?”

“నాతో.”

ఆవిడ నవ్వి మార్కులు వేసింది.

“పాసయ్యావంటగా! ఇంకా ఏడుపు మొహమేందే?” అని తెరేజ వాటేసుకుంది. లూర్దు విడిపించుకుని ఫాదర్ దగ్గరికి వెళ్లింది.

“తొడిమలు తీయడాన్ని ఏమంటారు ఫాదర్?”

“నాకెప్పుడూ ఆ మాటతో పని పడలేదమ్మా.”

ఆ సాయంత్రమే నా అంచున తెలుగులో ‘తొడిమలు తీసేది’ అని రాసి, పక్కన ఇటాలియన్ మాట కోసం ఒక గీత గీసింది. ఇప్పుడు ఆమె పెట్టెలో, సర్టిఫికెట్ల కింద ఉన్నాను. గీత మీద ఏమీ లేదు.